నీలమేనా?

రెండో గట్టు, అడుగు అంతస్తు, డ్యూటీ లాగ్

సోమవారం

ఈ లాగ్‌లో రోజుకొక్క వాక్యం రాస్తే సరిపోతుంది. "అందరూ నీలం, అంతా క్షేమం." నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్నామె అదే రాసింది, ఆమెకు ముందున్నాయనా అదే రాశాడు. డైరెక్టర్ శతానంద్ గారు లాగ్ చదవరు. ఆయన చూసేది దీపాల బోర్డు ఒక్కటే. అందుకే ఇక్కడ నిజం రాసుకుంటున్నాను. గట్టు మొత్తంలో ఇంతకంటే భద్రమైన చోటు నాకు కనబడలేదు.

గట్టుకు అవతల సముద్రం, ఇవతల దిగువూరు. సముద్రం పైన, ఊరు కింద. మధ్యలో గట్టు కడుపులో మేం ఉంటాం, గేట్లకు గ్రీజు పెడుతూ, పంపులు తోడుతూ. ప్రతివాళ్ళ కాలరుకూ గోరంత దీపం ఉంటుంది. మనిషి నెమ్మదిగా ఉంటే నీలం. భయపడినా, కోపం వచ్చినా ఎరుపు. పైవాళ్ళు శతానంద్ గారికి మార్కులు వేసేది నీలం దీపాలు ఎన్నున్నాయో చూసి. గేట్లు ఎలా ఉన్నాయని ఎవరూ అడగరు.

అందుకని ఇక్కడ "తిన్నావా?" అని ఎవరూ పలకరించుకోరు. "నీలమేనా?" అంటారు. "నీలమే" అనాలి. తలుపులకు కూడా అదే పిచ్చి. కంగారుగా ఉన్న మనిషి తెరవకూడని తలుపు తెరుస్తాడట, అందుకని దీపం ఎర్రగా ఉంటే ఏ తలుపూ తెరుచుకోదు. పోయిన నెల మా మేస్త్రీ గురువులు, కడుపు పట్టుకుని పరిగెత్తి మరుగుదొడ్డి ముందు ఇరుక్కుపోయాడు. తలుపు తెరుచుకోలేదని కంగారు, కంగారుపడ్డాడని తలుపు తెరుచుకోదు. చివరికి ఏమైందో రాయను. పెద్దమనిషి, పరువు గలవాడు.

ఈ రోజు పొద్దున్నే సభ. నాలుగో గేటు కింద రబ్బరు పట్టీ చిరిగి నీళ్ళు కారుతున్నాయని అందరికీ తెలుసు. అందరం ఆ మడుగు దాటుకునే తిరుగుతాం. దాటేటప్పుడు అవతలి గోడ చూస్తూ ఏదో ఒక కూనిరాగం తీస్తాం. కిందికి చూస్తే దీపం మారుతుంది కదా. కానీ సభలో దాలప్ప లేచి నిలబడింది. దాలమ్మ నా సొంత అక్కేమీ కాదు. నేను ఇక్కడికి వచ్చిన రోజు నుంచీ నాకు పని నేర్పి, తిట్టి, తిండి పెట్టింది. అందుకే అప్ప అని పిలుస్తాను.

"బాబూ, నాలుగో గేటు ఆగదు. అమాసకి పోటు పెద్దగొస్తాది. పట్టీ మార్పించండి," అంది.

శతానంద్ గారు చిరునవ్వు నవ్వారు. ఆయన దీపం నీలం నుంచి మారగా ఎవరూ చూడలేదు. "దాలమ్మ గారూ, సమస్య గేటులో ఉందా, మీ చూపులో ఉందా? ఒక్కసారి ఆలోచించండి."

"గేటుకాడే ఉంది. మెట్లు దిగి వొచ్చి సూడండి, కనబడతాది."

"నేను వచ్చి చూస్తే మీ అందరి మీదా నాకు నమ్మకం లేదన్నట్టు అవుతుంది. మనం ఒక కుటుంబం కదా!"

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. దాలప్ప దీపం అప్పటికే ఎర్రగా మారింది. ఎర్ర దీపంతో చెప్పిన మాట చెల్లదని మా నియమం. ఆ మాట ఎక్కడా నమోదు కాదు. ఎర్రబడ్డవాళ్ళను చూసుకునే ఉద్యోగి, నీలం దూత, వచ్చి ఆమెను చెయ్యి పట్టుకుని విశ్రాంతి గదికి తీసుకెళ్ళాడు. త్వరగా కోలుకోవాలని మళ్ళీ చప్పట్లు.

అందరూ నీలం, అంతా క్షేమం.

మంగళవారం

నాలుగో గేటు దగ్గరికి పనివాళ్ళు వచ్చారు. ఒక్క క్షణం నా ప్రాణం లేచి వచ్చింది. తీరా చూస్తే రంగులు వేసేవాళ్ళు. చెమ్మ పట్టిన గోడకంతా నీలం రంగు పూసి, నీళ్ళ చారలు కనబడకుండా చేసి పోయారు. మడుగు మీద రబ్బరు చాప పరిచారు. గురువులు దాని మీద కాలు పెడితే పచక్కుమంది. "బావుంది," అన్నాడు, ఎవరినీ చూడకుండా.

దాలప్పకు అన్నం పట్టుకెళ్ళాను. విశ్రాంతి గది నాలుగో గేటు గోడకు ఆనుకునే ఉంటుంది. మనుషుల అలికిడి లేని చోటు కావాలని అక్కడ పెట్టారు. అలికిడి లేదు గానీ గేటు మూలుగు మాత్రం వినబడుతుంది. ఉక్కు తలుపులో మొహం ఎత్తున అరచేయంత కన్నం ఉంది. మాట్లాడాలన్నా, గిన్నె అందించాలన్నా అందులోంచే.

"ఇది గది కాదే తవిటీ," అంది లోపల్నుంచి. "నీటి తొట్టి. గేటు కారితే నీళ్ళు పట్టడానికి కట్టినారు. మంచమేసి గదన్నారు. ఇప్పుడు నన్నేసినారు."

"నీకు ముందు ఇందులో పెట్టినవాళ్ళంతా ఏరప్పా?"

"నీలమైపోయి ఎల్లిపోనారు. గేటుకేటీ అవదు, గేటుకేటీ అవదు అనుకుంటా కూకుంటే నీలమౌతాదంట. నాకు అబద్దమాడ్డం సేతకాదే. ఆ గోడలోంచి సప్పుడొస్తా ఉంటే ఎలగనుకోను?"

ఎర్రగా ఉన్నంతకాలం తలుపు తీయరు. ఈ గదిలో ఉన్నంతకాలం ఎరుపు పోదు. ఈ ఏర్పాటు కనిపెట్టిన మహానుభావుడి కాళ్ళకు దణ్ణం పెట్టాలి.

"అమాస ఎప్పుడే?" అని అడిగింది.

శనివారం అని చెప్పాను. చారులో ఉప్పు ఎక్కువైందని తిట్టింది.

బుధవారం

నీలం దూతకు పై అంతస్తుకు బదిలీ అయింది. విశ్రాంతి గది తలుపు తీసే అధికారం ఇద్దరి దీపాలకే ఉంటుంది, దూతకూ డైరెక్టరుకూ. కాబట్టి ఆ పదవి నాకు కావాలి. అడుగు అంతస్తులో అందరికన్నా గట్టి నీలం నాదే. దానికో కిటుకు ఉంది. ఏదైనా చూసి గుండె అదిరితే మనసులో రొయ్యలు ఒలుస్తాను. తల తీసి, తోలు తీసి, నడుం మీది నల్లటి నరం లాగి, కడిగి, పక్కన పెట్టి, ఇంకొకటి తీసుకుంటాను. గంప సగమయ్యేసరికి గుండె నిదానిస్తుంది. దీపం నీలం.

కానీ నీలంగా ఉంటే చాలదట. "నీ విధేయత సభలో కనబడాలి," అని గురువులు చెవిలో చెప్పాడు. ఏం చెప్పాలో కూడా ఆయనే చెప్పాడు. చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు.

లేచి నిలబడ్డాను. రొయ్యలు ఒలుస్తూ చెప్పాను. "దాలమ్మ భయం దాలమ్మకున్న జబ్బు. గేటులో ఏ లోపమూ లేదు. అలాంటివాళ్ళ వల్ల మన కుటుంబానికి చెడ్డపేరు." ఒక్క తడబాటు లేకుండా వచ్చేసింది. దీపం కొంచెం కూడా వణకలేదు. అదే నాకు రోత పుట్టించింది.

శతానంద్ గారు స్వయంగా నా దీపానికి అధికారం ఎక్కించారు. "తవిటమ్మ గారి లాంటివాళ్ళు పదిమంది ఉంటే చాలు నాకు," అన్నారు. చప్పట్లు. మళ్ళీ గంప ముందేసుకుని కూర్చున్నాను.

గురువారం

పొద్దున్నే వెళ్ళి కన్నంలో మొహం పెట్టి, "అప్పా, తాళం నా మెడలోనే ఉంది," అన్నాను.

ఆమె చాలాసేపు నవ్వింది. తర్వాత, "ఏటి సెప్పి తెచ్చుకున్నావే?" అని అడిగింది.

చెప్పాను. దాచలేదు. ఏడుస్తుందేమో అనుకున్నాను.

"జబ్బన్నావా?"

"అన్నానప్పా."

"మంచిదే సేసినావు. నన్ను తిట్టకపోతే నీకు తాళమిస్తారేటి? కానొకటి. బయటికొచ్చినాక నీ సెంప పగలగొడతాను. సిద్దంగా ఉండు."

"కొట్టు," అన్నాను. నిజంగానే కొట్టించుకోవాలని ఉంది.

అప్పుడే తలుపు తీసేద్దును. తీసినా ఎక్కడికి పోతుంది? ఎర్ర దీపంతో నడవా మీద నాలుగడుగులు వేస్తే బోర్డు మీద కనబడిపోతుంది. మళ్ళీ ఇందులోనే వేస్తారు, నా అధికారమూ ఊడుతుంది. గట్టు దాటి పైకి పోయే దారి లిఫ్టు ఒక్కటే. అది వారానికోసారి, శుక్రవారం దిగుతుంది. పైకెళ్ళిపోతే దీపం తీసి పారేయొచ్చు. శుక్రవారం తీసుకెళ్తానన్నాను. అమావాస్యకు ఒక రోజు ముందే అవుతుంది కాబట్టి ఫరవాలేదని దాలప్ప కూడా అంది. ఇద్దరం కలిసే లెక్క వేసుకున్నాం.

శుక్రవారం

లిఫ్టు రాలేదు. రేపు నీలి ఉత్సవమట. బోర్డు మీద ఎర్ర దీపం ఒక్కటే మిగిలిందని పైవాళ్ళు బహుమతి ఇవ్వడానికి దిగుతున్నారు. వాళ్ళొచ్చేటప్పుడు సిబ్బంది తగ్గకూడదని డైరెక్టరు గారు ఈ రోజు లిఫ్టు ఆపించారు.

నేనే వెళ్ళి అడిగాను. "సార్, రేపు అమావాస్య. పోటు సమయంలో గేట్ల దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా?"

"ఉత్సవంలో ఎవరైనా తగ్గితే అతిథులు ఏమనుకుంటారు?" అన్నారు. "దూతగా మీరే హారతి పట్టాలి. చీర నీలంది కట్టుకోండి."

మర్యాదగా, మెత్తగా చెప్పారు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచరు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అరిచుంటే, ఆయనకూ ఏదో తగులుతోందని సంతోషించేవాళ్ళం.

దాలప్పతో చెప్పాను. రేపు అతిథులను దించిన లిఫ్టు కిందే ఉంటుంది. వాళ్ళు దండలు వేయించుకునే సమయానికి నేను జారుకుని దిగి వస్తాను. అందరూ సభలో ఉంటారు, బోర్డు చూసేవాళ్ళు ఉండరు. అంతకన్నా మంచి సమయం రాదు.

"హారతి పట్టేసి రా," అంది. "సగంలో వొదిలేస్తే సూస్తారు."

గోడలో గేటు మూలుగుతోంది. నిన్నటి కన్నా పెద్దగా ఉంది. "ఇప్పుడే తీసెయ్యనా అప్పా?" అన్నాను. వద్దంది. వద్దంటుందని తెలిసే అడిగానా అని ఇప్పుడు అనిపిస్తోంది.

శనివారం

రాయగలిగినంత రాస్తాను.

హారతి పట్టాను. అతిథులు ముగ్గురికీ బొట్టు పెట్టాను. దండలు మొదలవగానే పక్క గుమ్మంలోంచి దిగాను. రెండు తలుపులూ నా నీలం దీపానికి చక్కగా తెరుచుకున్నాయి. రొయ్యలతో కూడా పని పడలేదు. సంతోషంగానే ఉన్నాను, చెంపదెబ్బ గురించి ఆలోచిస్తూ.

మెట్లు దిగేసరికి నీలం గోడ మీద రంగు పెచ్చులు లేచిపోయి, లోపల పెద్ద చీలిక ఉంది. చీలిక లోపలికి, దాలప్ప గదిలోకి పోతోంది. నడవాలో నీళ్ళు పాదాలు తడిసేంతే ఉన్నాయి. మిగతా నీళ్ళన్నీ తొట్టిలోకి దిగుతున్నాయి. దాన్ని కట్టింది అందుకే కదా.

తలుపు దగ్గరికి పరిగెత్తి మెడ వంచి దీపం ఆనించాను. తెరుచుకోలేదు. కాలరు చూసుకున్నాను. ఎరుపు.

ఇది నాకు ముందే తెలియదా? ఎర్ర దీపానికి ఏ తలుపూ తెరుచుకోదని తెలుసు. గురువులును చూసి పడీపడీ నవ్విన మనిషినే. నేను ఎప్పుడూ నీలమే కాబట్టి ఆ సంగతి నాకు సంబంధించింది కాదనుకున్నాను.

"తవిటీ! వొచ్చినావా? నడుంలోతొచ్చినాయే నీళ్ళు," అంది దాలప్ప.

"తీస్తున్నానప్పా, తీస్తున్నాను." రొయ్యలు మొదలుపెట్టాను. తల తీసి, తోలు తీసి. మనసులోని చేతులు మాట వినలేదు. ఒక్క రొయ్య తోలు కూడా రాలేదు.

గోడకున్న ఫోనులో డైరెక్టరు గారిని పిలిచాను. ఆయన దీపం ఎప్పుడూ నీలమే. ఆయన దిగివస్తే క్షణంలో తెరుచుకుంటుంది. ఫోను వెనక సన్నాయి వినబడుతోంది. "సార్, గోడ పగిలింది, దాలమ్మ మునిగిపోతోంది, మీరు రండి," అని అరిచాను.

"తవిటమ్మ గారూ, మీ దీపం ఎర్రగా కనిపిస్తోంది," అన్నారు. "మీరు చెప్పేది ఇప్పుడు నేను తీసుకోలేను. నియమం మీకు తెలుసు. ముందు మీరు నెమ్మదించండి. నీలమయ్యాక మాట్లాడండి."

"సార్, మీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్కసారి వచ్చి చూడండి!"

ఫోనులో ఒక ఆడగొంతు మొదలైంది. ఊపిరి పీల్చండి, వదలండి, మీరు సురక్షితంగా ఉన్నారు.

నా ఎర్ర చుక్క బోర్డు మీద చూసి గురువులు ఒక్కడే దిగి వచ్చాడు. మెట్ల మీద ఉన్నంతవరకూ అతని దీపం నీలం. గోడ చూశాడు, ఎరుపు. గునపం తెచ్చి తలుపు సందులో పెట్టి ఒళ్ళంతా బరువేసి తోశాడు. గునపం వంగింది. ఇంకొకరిని పిలుస్తానని పైకి వెళ్ళబోతే మెట్ల తలుపు అతనికి తెరుచుకోలేదు. ఇద్దరం ఎర్రవాళ్ళం, రెండు తలుపుల మధ్య ఉండిపోయాం. ఎవరు వచ్చినా ఇంతే అవుతుంది. సంగతి తెలిసినవాడికి తలుపు రాదు, తలుపు వచ్చేవాడికి సంగతి తెలియదు.

"తవిటీ, ఇలగ రా. కన్నం కాడికి రా," అంది దాలప్ప. మంచం ఎక్కి నిలబడినట్టుంది, మొహం దగ్గరగా ఉంది. "నా మాటిను. నువ్వొచ్చిన కొత్తలో గ్రీజు డబ్బాలో కూకున్నావు, గేపకముందా?"

"ఉందప్పా."

"కొత్త సీర కట్టుకుని వొచ్చి, కుర్చీ అనుకుని డబ్బాలో కూలబడ్డావు. లేవమంటే లేవలేవు. నలుగురు లాగితే ఊడొచ్చినావు. సీర డబ్బాలోనే ఉండిపోనాది."

నాకు నవ్వొచ్చింది. ఏడుపులోంచే నవ్వొచ్చింది. గురువులు అరిచాడు, "నీలమొస్తంది! నవ్వు, ఇంకా నవ్వు!" తలుపులో టక్కుమని చప్పుడైంది. అప్పుడే దాలప్పకు పొలమారి, నీళ్ళు మింగిన దగ్గు వచ్చింది. ఆ దగ్గు విన్నాను. చప్పుడు వెనక్కి పోయింది.

"ఎర్రయిపోనాదేటే?"

"అవునప్పా. నా వల్ల కావట్లేదప్పా. నాకు భయమేస్తోంది."

"భయమెయ్యదేటి మరి? మనిసివి కదా," అంది. "నానేటీ అనుకోను. ఊరుకో. ఊరుకోయే గుంటా." చెయ్యి కన్నంలోంచి బయటికి పెట్టింది. పట్టుకున్నాను. చల్లగా ఉంది. చెంప ఆనించాను, కొట్టమన్నాను. వేళ్ళతో నిమిరింది.

తర్వాత ఆ చెయ్యి లోపలికి వెళ్ళిపోయింది. కన్నంలోంచి నీళ్ళు రావడం మొదలైంది.

తొట్టి నిండగానే వెనకనున్న అడ్డపలక దానంతటదే దిగి చీలికను మూసేసింది. గోడలో మూలుగు ఆగింది. గట్టు నిలబడింది, దిగువూరు తడవలేదు. గురువులు మెట్ల మీద కూర్చుని తల బాదుకుంటున్నాడు. నేను తలుపుకు వీపు ఆనించి నీళ్ళలో కూర్చున్నాను. ఏడవలేదు. ఏమీ అనుకోలేదు. ఇంక అనుకోవడానికి ఏముంది? ఎంతసేపో తెలియదు. వెనక తలుపు టక్కుమంది, పక్కకు జరిగింది. "స్వాగతం," అంది తలుపు. నీళ్ళతో పాటు దాలప్ప నా మీదికి వచ్చింది.

నా దీపం నీలంగా ఉంది.

మంగళవారం

సభ జరిగింది. ఇంతటి ఆపదలోనూ మన దూత తనంతట తానుగా నీలానికి తిరిగి వచ్చారని, ఇది అందరికీ ఆదర్శమని శతానంద్ గారు అన్నారు. బోర్డు మీద ఒక్క ఎరుపు కూడా లేదని అతిథులు చాలా మెచ్చుకున్నారట. తొట్టి తోడించి, గోడ పూడ్చి, కొత్త మంచం వేశారు. తలుపు మీద "దాలమ్మ విశ్రాంతి గది" అని పలక పెట్టారు. పలకకు దండ నేనే వేశాను. చప్పట్లు.

ఆ రోజు నుంచీ నా దీపం మారలేదు. రొయ్యల అవసరం కూడా లేదు. అన్నం తింటాను, నిద్రపోతాను. గట్టులో ఏ తలుపైనా నన్ను చూడగానే తెరుచుకుంటుంది. దాలప్ప గుర్తొస్తే ఏడుపు రావాలని ఎదురుచూస్తాను, రాదు. నాకు అదొక్కటే బాధగా ఉండాలి. అది కూడా లేదు.

మధ్యాహ్నం గురువులు వచ్చాడు. నా చెయ్యి పట్టుకుని అయిదో గేటు దగ్గరికి లాక్కెళ్ళాడు. "ఇను," అన్నాడు. విన్నాను. అదే మూలుగు.

"ఇంటన్నావా? ఆ సప్పుడే కదా? ఈసారి నువ్వు సెప్పు. నీ మాటైతే సెల్లుద్ది. నీది నీలం కదా, నువ్వు సెప్పు తవిటమ్మా!" అతని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. కాలరు మీద ఎర్రగా వెలుగుతోంది.

నేను చెప్పొచ్చు. నిజంగానే నా మాట చెల్లుతుంది. చెబితే ఆయన చిరునవ్వు నవ్వి, సమస్య నా చూపులో ఉందేమో ఆలోచించమంటారు. నేను ఆలోచిస్తాను. చప్పట్లు కొడతారు. ఇదంతా నాకు ముందే కనబడింది. కోపం రావాల్సిన చోట ఏమీ రాలేదు.

"నీలమేనా గురువులూ?" అని అడిగాను.

అతను నా మొహంలోకి చూశాడు. తర్వాత చెయ్యి వదిలేశాడు. పారిపోలేదు, తిట్టలేదు. పారిపోవడానికి అతనికి ఏ తలుపూ తెరుచుకోదు. నేనే అతని చెయ్యి పట్టుకుని మెట్లు దింపాను. పలక మీద దండ ఇంకా వాడలేదు. మెడ వంచి దీపం ఆనించాను.

తలుపు వెంటనే తెరుచుకుంది.

అందరూ నీలం, అంతా క్షేమం.